లెనిన్‌గ్రాడ్ వెళ్ళేవాళ్ళకి చెప్పే మాటలు

లెనిన్‌గ్రాడ్ వెళ్ళేవాళ్ళు పెట్టెలో మొట్టమొదట పెట్టుకోవలసింది స్నానాల తొట్టికి బిరడా. అక్కడి హోటళ్ళలో తొట్టి ఉంటుంది, వేణ్ణీళ్ళు ఉంటాయి, బిరడా మాత్రం ఉండదు. ఎందుకుండదని నన్నడగొద్దు. న్యూజెర్సీలో నాకు ఫోన్ చేసిన తెలుగువాళ్ళందరికీ ఏళ్ళ తరబడి ఈ మాట చెప్పాను, ప్రతివాళ్ళూ "ఎందుకుండదండీ?" అనే అడిగారు. నేనేమన్నా ఆ దేశానికి ప్లంబర్నా?

ఈ ఉద్యోగం నాకెలా వచ్చిందో చెప్తాను. డెబ్బైల మొదట్లో మా ఆయన లోహాల మీద పరిశోధన చెయ్యడానికి మన ప్రభుత్వం స్కాలర్‌షిప్ మీద లెనిన్‌గ్రాడ్ వెళ్ళారు. పెళ్ళయిన కొత్త. వెనకాలే నేనూ వెళ్ళాను. మూడేళ్ళు ఉండి, అక్కణ్ణించి అమెరికా వచ్చి, జెర్సీ సిటీలో ఒక ఎత్తైన బిల్డింగ్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఆయన పొద్దున్నే రైలెక్కి మన్‌హట్టన్‌లో ఆఫీసుకి వెళ్ళేవారు. నేను ఒక ఆసుపత్రిలో బిల్లులు టైపు చేసేదాన్ని. చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువమంది డాక్టర్లు, ఇంజనీర్లు. లండన్ చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ రష్యాలో కాపరం చేసినదాన్ని నేనొక్కదాన్నే. దాంతో పిల్లలకి రష్యా ఆంటీనీ, పెద్దవాళ్ళకి సలహాల ఖాతానీ అయిపోయాను.

డెబ్బైల చివర్లో డాక్టర్లు కాన్ఫరెన్స్ పేరుతో గుంపులుగా వెళ్ళడం మొదలుపెట్టారు. భర్తలు మీటింగుల్లో కూర్చుంటే భార్యలు మ్యూజియం చూసి రావాలి. ఆ భార్యలు నాకు ఫోన్ చేసేవాళ్ళు. అదీ సరిగ్గా నేను ఆఫీస్ నుంచి వచ్చి కుక్కర్ పెట్టే వేళకి. ఒక చెవికి ఫోన్ ఆనించుకుని, భుజంతో నొక్కిపట్టి, వంకాయలు తరుగుతూ నేను మొత్తం లెనిన్‌గ్రాడ్ వల్లించేదాన్ని. సూపులో మాంసం ఉందా అని అడిగితే లేదంటారు, అంటే ముక్కలు తీసేశామని అర్థం, తాగకండి. కుళాయి నీళ్ళు అసలు ముట్టుకోకండి, మరగబెట్టుకోవడానికి చిన్న హీటర్ కడ్డీ పట్టుకెళ్ళండి, అయితే మన ప్లగ్ అక్కడ పట్టదు. పెరుగు లేదని బెంగ పెట్టుకోకండి, కెఫీర్ అని సీసాల్లో పుల్లమజ్జిగ లాంటిది అమ్ముతారు. నల్లరొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, మీ ఆవకాయ ఉంటే పూట గడిచిపోతుంది. క్యూ కనబడితే ముందు వెళ్ళి నిలబడండి, ఏం అమ్ముతున్నారో తరవాత కనుక్కోవచ్చు. వంతెనలనీ రైల్వే స్టేషన్లనీ ఫోటోలు తియ్యకండి. హోటల్‌లో మీ అంతస్తు మొదట్లో బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుంటుంది, తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంటుంది, ఆవిడతో పేచీ పెట్టుకోకండి.

అన్నిటికంటే ముఖ్యం, మీ కోటు మెడ వెనక కొక్కేనికి తగిలించే పట్టీ ఉందో లేదో చూసుకోండి. థియేటర్‌కి వెళ్ళినా మ్యూజియంకి వెళ్ళినా కోటు విప్పి అప్పజెప్పందే లోపలికి రానివ్వరు. పట్టీ తెగి ఉంటే కోట్లు తీసుకునే ముసలావిడ అందరి ముందూ చీవాట్లు పెడుతుంది. పెద్ద ఆసుపత్రిలో గుండెలు కోసే డాక్టర్ గారి భార్య నా మాట పెడచెవిన పెట్టి, అక్కడ తలవంపులై, తిరిగొచ్చాక నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ కోటు పట్టీ నేను తెంపినట్టు!

వెళ్ళొచ్చినవాళ్ళు బొమ్మలో బొమ్మ ఉండే చెక్కబొమ్మ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్ళు. "మీకు ఇష్టం కదాని తెచ్చామండీ" అనేవాళ్ళు. నాకు ఇష్టమని వాళ్ళకి ఎవరు చెప్పారో తెలియదు. అల్మరా నిండిపోయి అట్టపెట్టెలో వేసి మంచం కిందకి తోసేశాను. విసుగు పుట్టేది. వాళ్ళ మీద కాదు, వాళ్ళు పాపం మంచివాళ్ళే. ఇంత చెప్పీ అసలు చెప్పవలసింది చెప్పలేకపోతున్నందుకు నా మీద నాకే విసుగు.

మా పాప అక్కడే ఉంది.

పురిటిస్నానం కూడా కాకుండానే పోయింది. పేరు పెట్టలేదు. గుండెలో పుట్టుకతోనే లోపం ఉందన్నారు. ఆ డాక్టరమ్మలు చెయ్యవలసిందంతా చేశారు, ఆ విషయంలో నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ ఊళ్ళో పురిటి ఆసుపత్రిలోకి మగవాళ్ళని రానివ్వరు. భర్తలంతా వీధిలో నిలబడి పై అంతస్తుల కిటికీల వైపు చూస్తూ భార్యల పేర్లు పెట్టి కేకలేసేవాళ్ళు. మా ఆయన కేక వెయ్యలేని మనిషి. మంచులో టోపీ తీసి నిలబడేవారు, నాకు కనబడాలని. నేను పాపని, గుడ్డలో బిగించి చుట్టిన దాన్ని, అద్దం దగ్గరికి ఎత్తి పట్టుకునేదాన్ని. అంత కింద నుంచి ఆయనకి ముక్కూమొహం ఏం తెలిసి ఉంటుంది? తెలిసినట్టే తలూపేవారు.

పాప పోయిన రోజున నేను ఇంకా మంచం మీదే ఉన్నాను. చంటిపిల్లల్ని మనం దహనం చెయ్యం గనక అక్కడి పద్ధతీ మన పద్ధతీ ఒకటే అయింది. ఆయనా, ఆయనతో పనిచేసే ఒక రష్యనాయనా వెళ్ళి పాతిపెట్టి వచ్చారు. అంతకుముందు నా పక్క మంచాల మీద ఆడవాళ్ళు నన్ను వదల్లేదు. నువ్వు లేచేదాకా మీ ఆయన్ని ఆగమను, తల్లి లేకుండా ఎలా తీసుకెళ్తారు అన్నారు. మాలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరని నాకొచ్చిన నాలుగు రష్యన్ ముక్కల్లో చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నాకు అందులో ఆశ్చర్యపడేదేమీ కనబడలేదు. మా అమ్మ వెళ్ళలేదు, అమ్మమ్మ వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. అంతే.

ఇంటికొచ్చాక ఎక్కడ అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. అడిగితే ఆయనకి కష్టమని నేను, చెప్తే నాకు కష్టమని ఆయన. అలా ఒక రోజు గడిచింది, తరవాత నెల గడిచింది. ఆ తరవాత అడగడానికి మాటలే లేకుండా పోయాయి.

ఆ గదిలో ఒక్కదాన్నీ కూర్చోలేక పొద్దున్నే కోటు వేసుకుని బయటపడేదాన్ని. ఏ ట్రామ్ వస్తే అది ఎక్కేదాన్ని. ఎవరు క్యూలో నిలబడితే వాళ్ళ వెనక నిలబడేదాన్ని. ఉల్లిపాయలొచ్చినా తీసుకున్నాను, మగవాళ్ళ మేజోళ్ళొచ్చినా తీసుకున్నాను. మ్యూజియంలో వేడిగా ఉంటుందని అక్కడ కూర్చునేదాన్ని. నా ప్రావీణ్యమంతా ఆ తిరుగుడులో వచ్చిందే. న్యూజెర్సీ డాక్టర్ల భార్యలు ఇంత బాగా ఎలా తెలుసండీ అని మెచ్చుకుంటుంటే మాట మార్చి హీటర్ కడ్డీ సంగతి ఎత్తుకునేదాన్ని. ఊరంతా తెలుసు. ఒక్క చోటు తప్ప.

మరి వెళ్ళేవాళ్ళలో ఎవరికో ఒకరికి చెప్పచ్చు కదా, వెళ్ళి చూసి రమ్మనచ్చు కదా అంటారేమో. మనవాళ్ళ సంగతి తెలియదా? ప్రయాణమై బయల్దేరే మనిషి ముందు చావు మాట ఎత్తుతామా? తుమ్మితేనే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపేవాళ్ళం. ఎక్కడికి అని అడగడం కూడా తప్పే. అలాంటిది విమానం ఎక్కబోయే ఇల్లాలితో శ్మశానానికి వెళ్ళి రమ్మని చెప్పనా? ఆవిడ ఫోన్ పెట్టెయ్యగానే దేవుడి ముందు దీపం పెట్టుకుంటుంది. దారిలో ఆవిడకి జ్వరమొచ్చినా అది నా నోటి వల్లే అనుకుంటుంది. ఆవిడ అనుకోకపోయినా నేను అనుకుంటాను.

ఒక్కసారి మాత్రం చెప్పే దాకా వచ్చాను. పిల్లల డాక్టర్ ఒకావిడ, నెమ్మదైన మనిషి, నా మాటలన్నీ విని చివర్లో, "ఇంకేమన్నా ఉందా వదినా? మీకు అక్కడ ఏదన్నా పని ఉంటే చెప్పండి, మొహమాటపడకండి" అంది. స్టవ్ మీద పోపు మాడుతోంది. నేను నోరు తెరిచాను. "వేసవిలో దోమలు దారుణం. ఒంటికి రాసుకునే మందు పట్టుకెళ్ళండి" అన్నాను. ఫోన్ పెట్టేసి మాడిన పోపు పారబోసి మళ్ళీ పెట్టాను.

ఈ ఫోన్లు మొదలవగానే మా ఆయన టీవీ శబ్దం పెంచేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మూడేళ్ళు ఆ ఊళ్ళో చదివిన మనిషి ఒక్క ముక్క సాయం చెయ్యకుండా బేస్‌బాల్ చూస్తున్నారేమిటని. ఆ ఆట ఆయనకి అర్థం కూడా కాదు. మేమే ఒకసారి వెళ్ళొద్దామన్న మాట మా ఇంట్లో రాలేదు. ముందు గ్రీన్ కార్డ్ రాలేదన్నాం. వచ్చాక ఆయన ఆఫీస్‌లో రష్యా పేరెత్తితే పైవాళ్ళు అదోలా చూస్తారన్నాం. తరవాత రెండు దేశాలకీ బొత్తిగా పడక ప్రయాణాలే తగ్గిపోయాయి, నాకు ఫోన్లూ తగ్గాయి. ప్రాణం హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. ఫోన్ మోగకపోతే ఆ ఊరి పేరు పలికే అవసరమే లేకపోయింది. మళ్ళీ పిల్లలు కలగలేదు. మేమిద్దరం ఒకే సోఫాలో కూర్చుని చెరో పక్కకి చూస్తూ నడివయసులోకి వచ్చేశాం.

ఎనభైల చివర్లో మళ్ళీ రాకపోకలు పెరిగాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మాకు బాగా తెలిసినవాళ్ళ అమ్మాయి ఇంటికొచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల, కాలేజీలో రష్యన్ చదువుతోంది. డాక్టర్ కావాల్సిన పిల్ల రష్యన్ చదవడమేమిటని తల్లి అప్పటికి రెండేళ్ళ నుంచి అందరి దగ్గరా వాపోతూనే ఉంది. ఆ పిల్ల ఆరునెలలు లెనిన్‌గ్రాడ్‌లో ఉండి చదువుకోడానికి వెళ్తోంది. రష్యా ఆంటీ దగ్గరికి వెళ్ళి అన్నీ కనుక్కురా అని తల్లి పంపింది.

వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. బిరడా చెప్పాను, కోటు పట్టీ చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా తలూపుతూ వింటోంది. నాకే నా గొంతు ఎవరిదోలా వినబడుతోంది. అప్పటికి ఎన్నోసారి చెప్పడమో, నీరసం వచ్చేసింది. కెఫీర్ దగ్గరికి వచ్చేసరికి మధ్యలో ఆగిపోయాను.

"ఆంటీ, మీరు టైర్డ్ ఉన్నారా?" అంది.

"లేదమ్మా. చెప్పీ చెప్పీ."

"ఓకే. నేను ఒకటి అడగొచ్చా?" అని, కప్పు పక్కన పెట్టి, "మీరు అక్కడ త్రీ ఇయర్స్ ఉన్నారు కదా. నేను వెళ్ళి కలవాల్సిన వాళ్ళు ఎవరన్నా ఉన్నారా, మీ కోసం?" అంది.

అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. ఏం తేవాలి అని అడిగారు, ఏం చూడాలి అని అడిగారు, పనేమన్నా ఉందా అని అడిగారు. ఎవరన్నా ఉన్నారా అని ఎవరూ అడగలేదు. ప్రయాణానికి ముందు ఏది మాట్లాడకూడదో ఆ పిల్లకి తెలియదు. ఎవరూ నేర్పలేదు. తెలియకపోవడం ఎంత మంచిదో ఆ నిమిషాన నాకు తెలిసొచ్చింది.

"ఉంది. మా పాప ఉంది" అన్నాను.

చెప్పేశాను. కిటికీ సంగతీ చెప్పాను, పేరు పెట్టలేదనీ చెప్పాను. ఆ పిల్ల అయ్యో అనలేదు, ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "నేను వెళ్తాను ఆంటీ. ఎక్కడ?" అంది.

"నాకు తెలియదమ్మా."

ఇంత వయసొచ్చి, ఆ ఊరికి నేనే పెద్ద గైడునైనట్టు అందరికీ పాఠాలు చెప్పి, ఒక చిన్నపిల్ల ముందు ఆ మాట అనేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

"అంకుల్‌కి తెలుసా?"

హాల్లో టీవీ ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఆయన వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను ఆయన వైపు చూడలేక బల్ల మీద గుడ్డ పెట్టి తుడుస్తున్నాను. బల్ల శుభ్రంగానే ఉంది. ఆయన కుర్చీ లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నారు.

"మెట్రోలో ఉత్తరం వైపు చివరి స్టేషన్‌లో దిగు. పైకి రాగానే ట్రామ్ ఉంటుంది. అది కూడా చివరి దాకా వెళ్ళాలి, పట్టాలు గుండ్రంగా తిరిగే చోటు దాకా. ఆదివారం వెళ్ళకు. ఊరంతా అటే వస్తారు, ట్రామ్‌లో కాలు పెట్టడానికి చోటుండదు" అన్నారు.

ఆ పిల్ల తలూపింది.

"పెద్ద గేటు లోపలికి వెళ్ళగానే ఎదురుగా వెడల్పు దారి కనిపిస్తుంది. అది కాదు. ఎడమ చేతి వైపు సన్న దారి పట్టుకో. కొంచెం దూరం పోతే నీళ్ళ కుళాయి ఉంటుంది. చలికాలంలో అది గడ్డ కట్టేస్తుంది, నీళ్ళు సీసాలో తీసుకెళ్ళు. జనవరిలో అయితే ఆ సన్న దారి మంచులో పూడిపోతుంది. అప్పుడు వెనక గోడకి చిన్న గేటు ఉంది, అటు నుంచి రా. కుళాయి దాటాక అంతా చిన్నపిల్లల వరసలు. మూలకి ఇనప బెంచీ ఉంటుంది. ఆకుపచ్చ రంగు. ఎండాకాలం ఒక ముసలావిడ వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటుంది. ఆవిడది మనవడు. ఆవిడుంటే ఇంకెవర్నీ అడగక్కర్లేదు, ఆవిడే చూపిస్తుంది. పాపది బెంచీ వెనకాల, తెల్ల బెరడున్న బర్చ్ చెట్టు మొదట్లో."

జనవరి అంటున్నారు, ఎండాకాలం అంటున్నారు. పాప పోయింది నవంబర్‌లో. గుడ్డ పట్టుకున్న నా చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది.

"తిరిగి వచ్చేటప్పుడు ట్రామ్ స్టాప్ వెనక వీధిలో స్నానాల ఇల్లు ఒకటి ఉంది. అక్కడ తలస్నానం చేసి అప్పుడు రూమ్‌కి వెళ్ళు. మీ అమ్మ వింటే అదే చెప్తుంది. నేను అలాగే చేసేవాణ్ణి" అన్నారు.

ఆదివారాలు. పాప పోయాక మేం అక్కడున్న రెండేళ్ళూ ఆదివారం వస్తే పొద్దున్నే వెళ్ళి చీకటిపడే వేళకి తడి జుట్టుతో వచ్చేవారు. మేమున్న ఇంట్లో స్నానాల గది లేదు. బజారు స్నానాల ఇంటికి వెళ్ళొచ్చానంటే నమ్మాను. ఒక్క స్నానానికి రోజంతా కావాలా, నన్నొక్కదాన్నీ గదిలో వదిలి స్నేహితులతో కబుర్లేసుకుని వస్తున్నారు అని ఎన్నిసార్లు మొహం మాడ్చుకున్నానో. శ్మశానం నుంచి వస్తే స్నానం చెయ్యకుండా గుమ్మం తొక్కకూడదు గనక, ఆ చలిలో తల తడుపుకుని, నాకు తెలియకుండా శుభ్రంగా ఇంటికొచ్చేవారన్నమాట. కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఇన్నేళ్ళూ నా ఒక్కదానిదే అనుకున్న దుఃఖాన్ని ఆయన వారం వారం ట్రామ్‌లో వెళ్ళి మోసుకొచ్చారు. నన్ను తీసుకెళ్ళలేదు. నేను అడగలేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక కళ్ళు తుడుచుకున్నాను.

ఆ పిల్ల మా ఇద్దర్నీ చూసి, "నేను కరెక్ట్‌గా వెళ్తాను అంకుల్. లెఫ్ట్ దారి, కుళాయి, గ్రీన్ బెంచ్" అంది.

"ఏప్రిల్‌లో మాత్రం వెళ్ళకు. మంచు కరిగి అంతా బురద" అన్నారు ఆయన.

నాకు నా గొంతు వినబడింది. ఫోన్లో వాళ్ళంతా నన్ను అడిగే గొంతు అది.

"ఏవండీ, మరి ఆడవాళ్ళు వెళ్ళాలంటే ఎప్పుడు వెళ్ళచ్చు?"

ఆయన చాలాసేపు నా వైపు చూశారు. పాప పోయాక అంతసేపు చూడలేదు.

"జూన్‌లో" అన్నారు. "అప్పుడు కూడా చెట్ల కింద తడిగానే ఉంటుంది. రబ్బరు బూట్లు కావాలి. రెండు జతలు తీసుకుందాం."